నడి నీటిలో ఆగిపోయే బోటు ఇంజిన్: పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. సెకండ్ హ్యాండ్‌లో బోటు కొన్నారు. లోపల మూడు సిలిండర్ల, 30 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఉంది. జెట్టీకి కట్టి స్లోలో పెడితే గంటయినా హాయిగా తిరుగుతోంది. బయటికి వెళ్లి 2,400 ఆర్‌పీఎంలో నడిపితే మాత్రం అరగంటకల్లా రేస్ దానంతటదే తగ్గి, రెండు మూడుసార్లు ఎగిసిపడి ఆగిపోతోంది. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. ఫిల్టర్లు రెండూ మార్చినా తేడా లేదు. ఈమధ్య టెంపరేచర్ కూడా 80 నుంచి 95 డిగ్రీల దాకా ఎక్కుతోంది, ఎగ్జాస్ట్‌లో తెల్లగా పొగ కనిపిస్తోంది. మెకానిక్, సిలిండర్లలోకి డీజిల్‌ని ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపుని విప్పి ఓవర్‌హాల్ చేయాలంటున్నాడు. విప్పించాలా వద్దా అని, మిగతా నిర్వహణ ఎలా అని అడిగారు.

ఇప్పుడే విప్పించకండి. మీరు చెప్పిన లక్షణాలు పంపువి కావు. ట్యాంకుకూ, దాన్నుంచి డీజిల్ లాగే, ఇంజిన్ మీదున్న లిఫ్ట్ పంపుకూ మధ్య ఎక్కడో డీజిల్‌కి దారి మూసుకుపోతోంది. టెంపరేచర్ గొడవ వేరు. అది ఇంజిన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్లు సరిగా తిరగకపోవడం వల్ల వస్తోంది. రెండూ ఒకేసారి కనిపించడంతో మీ మెకానిక్ రెండింటినీ కలిపి చూస్తున్నాడని నా అనుమానం. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇంజిన్ జెట్టీలో బాగానే తిరుగుతోంది కాబట్టి రోగం ఆయన కళ్ల ముందు బయటపడలేదు, అంతే.

పంపు కాదని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. అరిగిపోయిన ఇంజెక్షన్ పంపు పది నిమిషాలు రెస్ట్ ఇస్తే బాగుపడదు. పైగా పంపు అరిగితే ముందుగా తెలిసేది స్టార్టింగ్‌లోనే, అందులోనూ ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. మీది వేడి మీద ఆగిపోయి, వేడి మీదే స్టార్ట్ అవుతోంది. ఆగాక కాసేపటికి దానంతటదే కోలుకునే జబ్బు దాదాపుగా సక్షన్ వైపే, అంటే డీజిల్‌ని లాగే పైపుల వైపే ఉంటుంది.

స్లోలో ఎందుకు బాగుంటుందో లెక్క చూడండి. ఈ సైజు ఇంజిన్ స్లోలో గంటకు ఒక లీటరు కూడా తాగదు. మీరు నడిపే స్పీడులో నాలుగైదు లీటర్లు కావాలి. లిఫ్ట్ పంపు లాగే డీజిల్‌లో కొంత రిటర్న్ పైపు ద్వారా ట్యాంకుకి తిరిగి వెళ్తుంది కాబట్టి అసలు పైపులో పారేది ఇంకా ఎక్కువే. సగం మూసుకుపోయిన పైపు స్లోకి సరిపోతుంది, రేస్‌కి చాలదు. అందుకే జెట్టీలో కట్టేసి చేసే పరీక్షలు ఈ జబ్బును పట్టుకోలేవు.

ఇక ఆ పది నిమిషాల సంగతి. ఇంజిన్ గట్టిగా లాగుతున్నంతసేపు ట్యాంకు అడుగున ఉన్న చెత్త పైకి లేచి పైపు మూతికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగగానే లాగే శక్తి పోయి, అతుక్కున్నది మెల్లగా కిందికి జారుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తారు, కథ మొదటికొస్తుంది. లేదంటే ట్యాంకుకి గాలి పీల్చే సన్నటి వెంట్ పైపు మూసుకుపోయి ఉంటుంది. డీజిల్ బయటికి పోతున్నకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, లిఫ్ట్ పంపు ఇంక లాగలేకపోతుంది. ఇది తేల్చడానికి ఖర్చే లేదు. ఈసారి ఇంజిన్ నీరసించగానే డీజిల్ పోసే మూత తీసి చూడండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజిన్ తేరుకుంటే దొంగ దొరికినట్టే. వెంట్ మూతిలో పురుగులు మట్టితో గూడు కట్టడం నేను చాలాసార్లు చూశాను. ఒక సన్నటి తీగ పెట్టి లాగితే చాలు.

మూత తీసినా మార్పు లేదనుకోండి. అప్పుడు నేను చేసే పని ఒకటే, క్యాన్ పరీక్ష. ఇరవై లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో వడగట్టిన డీజిల్ పోసి, ఇంజిన్ గదిలో కదలకుండా తాడుతో కట్టండి. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, కొత్త పైపు ఒకటి ఈ క్యాన్‌లో పెట్టండి. రిటర్న్ పైపు కూడా ఇదే క్యాన్‌లోకి తిప్పండి, లేకపోతే క్యాన్ మీరనుకున్నదానికంటే ముందే ఖాళీ అవుతుంది. ఎయిర్ తీసి (పైపుల్లో చిక్కిన గాలి బయటికి పంపి, ఎలాగో కింద చెబుతాను), తీరానికి దగ్గరలోనే, తోడుగా ఇంకో బోటు ఉండగా అదే 2,400లో గంటసేపు నడపండి. ఆగకుండా నడిస్తే ఇంజిన్, పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ అన్నీ నిర్దోషులే. తప్పు ట్యాంకుదీ దాని పైపులదీ. ఒక గంట ఖర్చుపెడితే పంపు విప్పే ఖర్చు మిగులుతుంది. ఈ పరీక్ష చేయకుండా ఇంజెక్షన్ పంపు మీద నేను స్పానర్ పెట్టను. దాని లోపల కదిలే ప్లంజర్ కడ్డీకీ, చుట్టూ ఉన్న బ్యారెల్‌కీ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. తలవెంట్రుక మందం కూడా దాని ముందు చాలా పెద్దది. అనవసరంగా విప్పి, దుమ్ము పట్టించి, బాగున్నదాన్ని పాడుచేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

క్యాన్‌తో బాగా నడిస్తే ట్యాంకు వైపు వెళ్లండి. ముందు నీళ్లు వేరుచేసే ప్రైమరీ ఫిల్టర్ అడుగున డ్రెయిన్ తిప్పి, ఒక గాజు సీసాలో పావు లీటరు పట్టండి. పావుగంట కదపకుండా ఉంచి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. మంచి డీజిల్ సీసా వెనకున్న అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. అడుగున తెల్లటి గీతలాగా విడిగా నిలబడితే నీళ్లు. నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లగా, కాటుకలో జిగురు కలిపినట్టు ఒక పొర తేలుతుంటే అది సూక్ష్మజీవుల పెరుగుదల. అవి బతికేది సరిగ్గా ఆ రెండూ కలిసే చోటే. సీసాని కొద్దిగా వంచితే ఆ పొర ముక్కలవకుండా మీగడలాగా జారుతుంది. వేళ్ల మధ్య రుద్దితే సాగుతుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు.

అది కనిపిస్తే మందు పోసి ఊరుకోకండి. బయోసైడ్ వాటిని చంపుతుంది గాని మాయం చేయదు. చచ్చిన తెట్టు అంతా ఒక్కసారిగా వచ్చి ఫిల్టర్లలో పడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఇన్‌స్పెక్షన్ మూత తెరిచి చేత్తో తుడవడమే అసలు వైద్యం. ఆ తర్వాత మందు, డబ్బా మీద రాసిన మోతాదులోనే. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో కూడా కనిపెట్టాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే. ఒక బోటులో మూడుసార్లు ట్యాంకు కడిగాను. నాలుగోసారి తెలిసింది, డెక్ మీద డీజిల్ పోసే మూత కింది రబ్బరు రింగు పగిలి ఉంది. వాన పడినప్పుడల్లా, డెక్ కడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా లోపలికి దిగుతోంది. చిటికెన వేలంత రింగు. అప్పటినుంచి ఏ బోటు ఎక్కినా ముందు ఆ మూత విప్పి చూస్తాను.

ట్యాంకు శుభ్రంగా ఉందంటే పైపు లోపలి మూతి చూడండి. చాలా ట్యాంకుల్లో దాని చివర సన్నటి జాలీ ఉంటుంది. అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు, ఎందుకంటే పైపుని మొత్తం పైకి లాగితే తప్ప కనిపించదు. మంచి ఫిల్టర్ బయట ఉండగా లోపల ఈ జాలీ అవసరం లేదన్నది నా అభిప్రాయం. చేయి అందని చోట ఉన్న ఫిల్టర్ మూసుకుపోయేదాకా ఎవరూ చూడరు. నేను తీసేస్తాను. తీయొద్దనేవాళ్లు కూడా ఉన్నారు. కనీసం అది ఎలా ఉందో చూసి పెట్టండి.

మీరు ఫిల్టర్లు మార్చాక కూడా తేడా రాలేదన్నారు కదా, ఇంకో అనుమానం: గాలి. లిఫ్ట్ పంపుకి ముందున్న పైపుల్లో డీజిల్ ఒత్తిడితో రాదు, లాగితే వస్తుంది. అక్కడ ఒక జాయింట్ వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయటంతా పొడిగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫిల్టర్ మార్చినప్పుడు పాత వాషర్ మీద కొత్తది పెట్టడం, రబ్బరు రింగు మెలిక పడడం మామూలుగా జరిగేవే. సక్షన్ పైపులో జానెడు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా పెట్టి నడపండి. బుడగలు కనిపిస్తే వెనక్కి ఒక్కో జాయింటే చూసుకుంటూ వెళ్లండి. పని అయ్యాక ఆ గొట్టం తీసేసి, డీజిల్‌కి పనికొచ్చే, నిప్పుకి తట్టుకునే అసలైన గొట్టం బిగించడం మరవద్దు.

పాత రబ్బరు పైపుల్ని మాత్రం నమ్మకండి. పైకి నిగనిగలాడుతున్న పైపు లోపలి పొర ఊడి, తలుపు రెక్కలాగా తయారవుతుంది. గట్టిగా లాగితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. ఒక బోటు మీద రెండు రోజులు తిరిగాక పైపుని పొడుగునా కోస్తే దొరికింది. మీ బోటులో పైపులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే అన్నీ మార్చేయండి.

ఏం విప్పినా చివర ఎయిర్ తీయాలి. ఇంజిన్ మీది ఫిల్టర్ పైనున్న, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, లిఫ్ట్ పంపు చేతిపిడిని కొడుతూ బుడగలు ఆగేదాకా ఉండండి. పిడికి పట్టు చిక్కకుండా వదులుగా ఆడుతుంటే పంపు పాడైందనుకోకండి. లోపల దాన్ని తోసే క్యామ్ పైకెక్కి ఉంది, అంతే. ఇంజిన్‌ని ఒక చుట్టు తిప్పితే పిడి పట్టు చిక్కుతుంది. తర్వాత ఇంజెక్షన్ పంపు బ్లీడ్ స్క్రూ. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్స్ దగ్గరి నట్లు అర చుట్టు వదిలి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించండి. ఆ సమయంలో కళ్లద్దాలు పెట్టుకోండి, చేయి అడ్డం పెట్టకండి. అక్కడ ఒత్తిడి వంద బార్లు దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం.

ఇంకో మాట, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. స్టార్ట్ కాని ఇంజిన్‌కి పదేపదే సెల్ఫ్ కొట్టేటప్పుడు సముద్రపు నీటి వాల్వు మూసేయండి. ఇంజిన్ తిరిగిన ప్రతిసారీ నీటి పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, అవి చివరికి ఎగ్జాస్ట్‌లోకే వెళ్తాయి. ఇంజిన్ నడుస్తుంటే పొగ ఆ నీళ్లని బయటికి గెంటేస్తుంది. పొగ లేకపోతే ఎగ్జాస్ట్ డబ్బా నిండి, నీళ్లు వెనక్కి సిలిండర్లలోకి దిగుతాయి. పిస్టన్ ఎంత నొక్కినా నీళ్లు నలగవు, పిస్టన్‌ని నడిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చిన్న ఎయిర్ లాక్‌తో మొదలై మొత్తం ఇంజిన్ పోగొట్టుకున్న బోటు ఒకటి నా చేతికొచ్చింది. ఓనరు మంచి జాగ్రత్తపరుడు, ఈ ఒక్క సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. సెల్ఫ్ కొడుతుండగా ఇంజిన్ టక్కున బిగుసుకుంటే అక్కడే ఆపండి. నాజిల్స్ తీసి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఉప్పునీళ్లు పోయిన సిలిండర్‌కి తుప్పు పట్టడానికి రోజులు అక్కర్లేదు, కాబట్టి ఆ పని అదే పూట కావాలి. ఇంజిన్ స్టార్ట్ అయిన వెంటనే ఆ వాల్వు తెరవడం కూడా అంతే ముఖ్యం. నేను మూసినప్పుడల్లా బోటు తాళాన్ని వాల్వు పిడికి తగిలిస్తాను.

ఇప్పుడు మీ రెండో సమస్య, వేడి. వెనక్కి వెళ్లి ఎగ్జాస్ట్ మూతి చూడండి. పొగతోపాటు నీళ్లు గుప్పుగుప్పుమని దండిగా పడాలి. సన్నగా పడుతూ, తెల్లటిది పైకి లేస్తూ వెంటనే గాలిలో కలిసిపోతుంటే అది పొగ కాదు, ఆవిరి. చాలని నీళ్లు మరిగి వస్తున్నాయి. అదే కాలని డీజిల్ తెల్లపొగైతే గాలిలో చాలాసేపు వేలాడుతుంది, కళ్లు మండుతాయి, నీటి మీద నూనె జిడ్డు తేలుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఆవిరే అనుకుంటున్నాను. కానీ ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఇంజిన్ చల్లారాక కూలంట్ (ఇంజిన్ లోపల తిరుగుతూ చల్లబరిచే ద్రవం) మూత తీసి మట్టం చూడండి. కారడం ఎక్కడా కనిపించకుండా కూలంట్ తగ్గిపోతూ, ఎగ్జాస్ట్ నీళ్లు దండిగా వస్తున్నా ఆవిరి ఆగకపోతే సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గాస్కెట్ దాకా వెళ్లాలి. అది తక్కువసార్లే జరుగుతుంది.

ఎక్కువసార్లు జరిగేది ఇంపెల్లర్. నీటి పంపు నాలుగు స్క్రూలు విప్పితే చేతిలోకొచ్చే రబ్బరు చక్రం. దాని రెక్కల మొదట్లో గోటితో వంచి చూడండి, సన్నటి పగుళ్లుంటే పారేయాలి. నీళ్లు లేకుండా తిరిగితే అది నిమిషాల్లోనే కాలిపోతుంది. రెక్కలు లెక్కపెట్టండి. ఆరు ఉండాల్సినచోట నాలుగే ఉంటే ఆ రెండూ ఎక్కడో ఉన్నాయి, సాధారణంగా సముద్రపు నీటితో కూలంట్‌ని చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ మొదట్లో సన్నటి గొట్టాలకి అడ్డంగా. కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గడం లేదని వచ్చిన ఒకాయన ఇంజిన్‌లో ఆ ఎక్స్ఛేంజర్ మూత విప్పితే పదకొండు ముక్కలు దొరికాయి. మూడు తరాల ఇంపెల్లర్లవి. ముందున్న ఓనర్లు కొత్తది వేసి చేతులు దులుపుకున్నారు, పాతదాని ముక్కలు వెతకలేదు.

ఇంపెల్లర్ బాగుంటే, ముందు నీటి వడపోత బుట్ట, దాని కింద వాల్వు. తర్వాత హీట్ ఎక్స్ఛేంజర్‌కి బదులు ఉప్పునీళ్లకి తాను కరిగిపోయే జింకు కడ్డీ ఎలా ఉందో చూడండి. సగం కరిగితే మార్చాలి. పూర్తిగా కరిగిపోతే ఉప్పునీళ్లు జింకుని వదిలేసి ఎక్స్ఛేంజర్‌ని తినడం మొదలుపెడతాయి. చివరగా, నీళ్లూ పొగా కలిసే ఎగ్జాస్ట్ ఎల్బో. సెకండ్ హ్యాండ్ బోటులో దీన్ని విప్పి చూడకపోతే కొన్నట్టే కాదంటాను. లోపల మసీ ఉప్పూ కలిసి గట్టిపడి, నాలుగు వేళ్ల దారి కాస్తా చిటికెన వేలంత అవుతుంది. అప్పుడు నీళ్లు పారవు, పొగ కూడా పోదు, ఇంజిన్ ఊపిరాడక వేడెక్కుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పోయేదైతే గీకండి. గోడ పలచబడి, బయట తుప్పు చెమ్మ కనిపిస్తుంటే కొత్తది వేయండి. ఆ గోడ లోపలివైపు తూటుపడితే నీళ్లు నేరుగా ఇంజిన్‌లోకే.

మిగతా నిర్వహణ గురించి కూడా అడిగారు కాబట్టి కొన్ని మాటలు. ఆయిల్ ప్రతి 100 గంటలకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చండి. మాన్యువల్ ఇంకా ముందే మార్చమంటే దాన్నే పాటించండి. బోటుని కొన్ని నెలలు ఊరికే ఉంచబోతుంటే ఆ ఖాళీకి ముందే మార్చండి, తర్వాత కాదు. పాత ఆయిల్‌లోని ఆమ్లం బేరింగుల మీద పడి ఉండకూడదు. డీజిల్ ఇంజిన్ ఆయిల్ కొత్తదైనా నల్లబడుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పాలు కలిపిన టీ రంగుకి వస్తే మాత్రం నీళ్లు కలిశాయి. డిప్‌స్టిక్‌లో మట్టం తగ్గడం కంటే పెరగడం ప్రమాదం. పెరిగిందంటే నీళ్లయినా దిగుతున్నాయి, లిఫ్ట్ పంపు పొర చినిగి డీజిలయినా దిగుతోంది. వాసన చూస్తే తెలుస్తుంది.

బ్యాటరీ ఛార్జింగ్ కోసం గంటల తరబడి స్లోలో తిప్పకండి. డీజిల్ ఇంజిన్‌కి పని కావాలి. లోడు లేకుండా చల్లగా తిరిగితే సిలిండర్ గోడలు అద్దంలా నునుపెక్కి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, ఎగ్జాస్ట్‌లో మసి పేరుకుంటుంది. మీ ఎల్బో మూసుకుపోయి ఉంటే కారణం ఇదే కావచ్చు.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపకండి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. ఇంజిన్ కిందిభాగం తుడిచి, తెల్లటి గుడ్డ పరిచి ఉంచండి. ఏ చుక్క ఎక్కడ, ఏ రంగులో పడిందో అదే చెబుతుంది. నేను రోజూ సెల్ఫ్ కొట్టే ముందు ఆ గుడ్డ చూస్తాను, తర్వాతే డిప్‌స్టిక్.

ఈ వారం మీరు చేయాల్సిన వరుస: మూత పరీక్ష, సీసా పరీక్ష, ఇంపెల్లర్, ఎల్బో, ఆ తర్వాత క్యాన్‌తో గంట ప్రయాణం. వేడి సమస్య తేల్చకుండా గంట ప్రయాణానికి వెళ్లొద్దు, 95 దగ్గర ఆ ఇంజిన్‌ని గంటసేపు తోలడం మంచిది కాదు. క్యాన్ మీద కూడా అదే తీరున ఆగిపోతే, లిఫ్ట్ పంపు పొర, దాని వాల్వులు చూడండి. అవీ బాగుంటేనే ఇంజెక్షన్ పంపు తీసి, టెస్ట్ బెంచ్ ఉన్న చోటికి పంపండి, బోటులో విప్పనివ్వకండి. సీసాలో ఏం కనిపించిందో, ఇంపెల్లర్‌కి ఎన్ని రెక్కలు మిగిలాయో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.